1969 ఎంజీబీ: ఇరవై నిమిషాలు నడిచాక ఆగిపోతోంది, దారి చూపండి

గోదారిగట్టు (కొవెంట్రీ), ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. మార్చిలో 1969 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. ముదురాకుపచ్చ రంగు, క్రోమ్ బంపర్లు, స్పోక్ చక్రాలు, ఎస్‌యూ కంపెనీ జంట కార్బ్యురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపేవి). పదిహేనేళ్ళుగా కొనాలని అనుకున్న కారు ఇది.

చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే స్టార్టవుతుంది. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు బాగా నడుస్తుంది. ఆ తరువాత దగ్గడం మొదలుపెట్టి, మరో అర మైలు పోయేసరికి ఆగిపోతుంది. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు మళ్ళీ నడుస్తుంది. నిన్న ఏ46 రోడ్డు మీద ఇదే జరిగింది. పక్కసీట్లో మా అమ్మాయి ఉంది, పదకొండేళ్ళు. లారీలు దూసుకుపోతుంటే ఇద్దరం గడ్డిగట్టు ఎక్కి నిలబడ్డాం. "నాన్నా, దీన్ని అమ్మేద్దామా?" అని అడిగింది. నాకు అమ్మాలని లేదు. కానీ ఈ కారులో మళ్ళీ తనను ధైర్యంగా ఎక్కించుకోగలగాలి.

ఇప్పటివరకు చేసినవి చెబుతాను. ఏప్రిల్‌లో స్పార్క్ పుట్టించి ప్లగ్గులకు పంచే భాగాలు, అంటే స్పార్క్ ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, రోటర్, డిస్ట్రిబ్యూటర్ మూత, ప్లగ్గు వైర్లు అన్నీ ఒకే సెట్టుగా కొని మార్చాను. పెట్రోలు ఫిల్టరు కూడా కొత్తదే. మిగిలింది కార్బ్యురేటర్లే కాబట్టి రెండూ విప్పి పంపించాలని చూస్తున్నాను. బాగుచేసేవారు 400 పౌండ్లకు పైనే అడుగుతున్నారు. పంపించమంటారా?

ఆటోనగర్_అబ్బాయి (విజయవాడ), సోమవారం ఉదయం

గోదారిగట్టు గారూ, మీ లక్షణాలు చదవగానే మా నాన్నగారి షెడ్డు గుర్తొచ్చింది. ఆయన ముప్పై ఏళ్ళు అంబాసిడర్లు బాగుచేశారు. మే నెల ఎండల్లో కార్లు సరిగ్గా ఇలాగే ఆగిపోయేవి. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి, పంపు ఆ ఆవిరిని లాగలేక చేతులెత్తేసేది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ బయలుదేరేవారు. హైదరాబాద్ రోడ్డు మీద తడిగుడ్డ లేకుండా వెళ్ళే డ్రైవరు ఉండేవాడు కాదు.

మీదీ అదే కుటుంబపు ఇంజన్. అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, మీ 1798 సీసీ ఇంజనూ రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బి సిరీస్. కాబట్టి ముందు పెట్రోలు వైపు చూడండి.

హ్యూస్టన్_బి (టెక్సస్), సోమవారం

తడిగుడ్డ సలహా ఎంజీబీకి పనిచేయదండీ. దీని పంపు ఇంజన్ పక్కన ఉండదు, కారు వెనకభాగంలో ఉంటుంది, కరెంటుతో నడుస్తుంది. ఇంజన్ వేడి అంత దూరం పోదు. ఇక్కడ 38 డిగ్రీల ఎండలో నా కారు తిరుగుతోంది.

రెండు చిన్న పరీక్షలు చేయండి. కారు ఆగగానే పెట్రోలు ట్యాంకు మూత తిప్పండి. గాలి లోపలికి లాక్కున్న చప్పుడు గట్టిగా వస్తే ట్యాంకుకు గాలి అందడం లేదన్నమాట. తరువాత ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి వినండి. ఎస్‌యూ పంపు కొన్నిసార్లు టకటకమని కొట్టుకుని ఆగిపోవాలి. అసలు కొట్టుకోకపోతే పంపుకో, దాని ఎర్త్ వైరుకో జబ్బు. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే ట్యాంకు ఖాళీ, లేదా ఎక్కడో గాలి పీలుస్తోంది, పెట్రోలు కారుతోంది.

పాతపానా (రెడింగ్), సోమవారం రాత్రి

కార్బ్యురేటర్ల మీద చేయి వేయకండి. 400 పౌండ్లు జేబులోనే ఉంచుకోండి.

ఇరవై రెండేళ్ళుగా నాకు ఎంజీబీ ఉంది. ఎస్‌యూ కార్బ్యురేటరులో కదిలే భాగాలు చాలా తక్కువ. అందులో అరుగుదల నెమ్మదిగా, నెలల తరబడి, మైలేజీ తగ్గుతూ, ఐడిల్ చెడుతూ కనిపిస్తుంది. గడియారం చూసి ఇరవయ్యో నిమిషంలో ఆగిపోయే జబ్బు దానికి రాదు. కార్బ్యురేటరు జబ్బు అని నా దగ్గరకు తెచ్చిన కార్లలో నేను ఎక్కువగా సరిచేసింది డిస్ట్రిబ్యూటరునే.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట ఒకటుంది: ఏప్రిల్‌లో అన్నీ ఒకేసారి మార్చానన్నారు. మార్చకముందు ఈ జబ్బు ఉందా? లేకపోతే మనం వెతకాల్సిన చోటు దొరికినట్టే. జబ్బు ఏమిటో తేల్చకుండా ఆరు వస్తువులు ఒకేసారి మార్చితే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, చెడినా ఎందుకు చెడిందో తెలియదు.

ఇక పరీక్ష. ఈసారి ఖాళీ రోడ్డు మీద, ఒంటరిగా వెళ్ళండి. అమ్మాయిని తీసుకెళ్ళవద్దు. ఇంజన్ ఆగిపోతున్నప్పుడు క్లచ్ తొక్కకుండా, కారు గేరులోనే దొర్లుతుండగా, ఇంజన్ వేగం చూపే ముల్లు గమనించండి. మీ 1969 కారులో ఆ మీటరు కాయిల్‌కు (స్పార్క్‌కు కావలసిన వేల వోల్టులు పుట్టించేది) వెళ్ళే కరెంటును బట్టి నడుస్తుంది. చక్రాలు ఇంజన్‌ను తిప్పుతున్నా ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే, కాయిల్‌కు కరెంటు పోవడం లేదని అర్థం: తాళం స్విచ్చి, ఆ వైర్లు, కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్లు, కండెన్సరు. ముల్లు కారు వేగంతోపాటు నిదానంగా దిగితే ఆ భాగం చాలావరకు బాగున్నట్టు. అప్పుడు పెట్రోలు, లేదా కాయిల్ దాటాక ఉన్న మూత, రోటరు, ప్లగ్గు వైర్లు.

ఆగాక వెంటనే ఒక ప్లగ్గు విప్పి, దాని వైరుకే తగిలించి, ఇంజన్ ఇనుముకు ఆనించి, సెల్ఫ్ కొట్టి స్పార్క్ చూడండి. పెట్రోలు కారిన చోట ఈ పని చేయకండి. కార్బ్యురేటరుకు పెట్రోలు నిలవ ఉండే ఫ్లోట్ గిన్నె మూత తీసి చూడాలంటే స్పార్క్ పరీక్ష పూర్తయ్యాకే తీయండి. ఒక మంటలార్పే సిలిండరు కారులో ఉండాలి. ఇది తప్పనిసరి.

స్పిట్‌ఫైర్_సీత (లీడ్స్), మంగళవారం

పాతపానా గారి మాటే నాదీ. నాది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, మీ ఊళ్ళోనే కాన్లీ కర్మాగారంలో పుట్టిన కారు. రెండేళ్ళ క్రితం సరిగ్గా ఇదే జరిగింది. నెలన్నర పాటు పెట్రోలు వైపే వెతికాను. గొట్టాలు మార్చాను, వేడి తగలకుండా రేకు కట్టాను, ట్యాంకు కడిగించాను. చివరికి అది కొత్తగా వేసిన కండెన్సరు. చల్లగా ఉన్నప్పుడు బాగుండేది, వేడెక్కితే లోపల తెగిపోయేది. డిస్ట్రిబ్యూటరు మూత తీసి చూస్తే పాయింట్ల మధ్య నీలంగా పెద్ద మెరుపు కొడుతూ కనిపించింది, పాయింట్లు నల్లగా కాలిపోయి ఉన్నాయి.

గొట్టాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ బ్రిటన్‌లో మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరుస్తుంది, పగుళ్ళు తెస్తుంది. ఇథనాల్ అయిదు శాతం మించని సూపర్ రకం ఇ5 పెట్రోలే పోయించండి. గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 రకానికి మార్చండి. మీ ప్రస్తుత జబ్బుకు ఇది కారణం కాదు, కానీ కారే పెట్రోలు వేడి ఎగ్జాస్ట్ మీద పడితే జరిగేది అంతకన్నా ఘోరం. ఎంజీబీలో కార్బ్యురేటర్లూ ఎగ్జాస్టూ ఇంజన్‌కు ఒకే పక్కన ఉంటాయి.

గోదారిగట్టు (కొవెంట్రీ), గురువారం రాత్రి

ఈ సాయంత్రం పరీక్ష చేశాను. ఫలితాలు వరుసగా రాస్తున్నాను.

ఇరవై రెండో నిమిషంలో ఆగింది. ముల్లు కారుతోపాటు నిదానంగా దిగింది, టక్కున పడలేదు. ట్యాంకు మూత తీస్తే చప్పుడేమీ రాలేదు. తాళం తిప్పితే పంపు నాలుగుసార్లు కొట్టుకుని ఆగింది. ప్లగ్గు దగ్గర స్పార్క్ లేదు, నాలుగింటికీ లేదు. కాయిల్ నుంచి వచ్చే లావు వైరును మూతలోంచి పీకి, ఇంజన్‌కు దగ్గరగా పట్టి చూస్తే మాత్రం చక్కటి నీలం స్పార్క్ వచ్చింది. ఫ్లోట్ గిన్నెలు రెండూ నిండుగా ఉన్నాయి.

పాతపానా గారూ, మీ ప్రశ్నకు జవాబు: ఏప్రిల్‌కు ముందు ఎప్పుడూ ఆగలేదు. అమ్మినాయన దగ్గరి నుంచి నూట పది మైళ్ళు నడుపుకుంటూ ఇంటికి తెచ్చాను. ఈ సంగతి నాకు తట్టనే లేదు.

పాతపానా (రెడింగ్), గురువారం రాత్రి

చాలా చక్కగా చేశారు. జబ్బు ఇప్పుడు జానెడు చోటులో చిక్కింది. కాయిల్ బాగుంది, పాయింట్లు, కండెన్సరు బాగున్నాయి, పెట్రోలు బాగుంది. స్పార్క్ కాయిల్ దాకా వచ్చి ప్లగ్గుకు చేరడం లేదు. నాలుగు వైర్లు ఒకేసారి పోవు. మిగిలింది మూత, రోటరు. నా అనుమానం రోటరు మీద.

ఎందుకో చెబుతాను. రోటరు తిరుగుతూ నాలుగు ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచుతుంది, దాని నెత్తిన ఇత్తడి రేకు ఉంటుంది. కొన్ని కొత్త రోటర్లలో ఆ రేకును రివెట్టుతో బిగిస్తున్నారు. రివెట్టు కొస నుంచి కింద ఉన్న ఉక్కు ఇరుసుకు మధ్య పలుచటి ప్లాస్టిక్ మాత్రమే అడ్డం. వేడెక్కితే ఆ అడ్డం ఓడిపోతుంది. వేల వోల్టుల కరెంటు ప్లగ్గు దాకా పోయే కష్టం మానుకుని, దగ్గర దారిలో ఇరుసులోకి దిగిపోతుంది. చల్లారితే మళ్ళీ అడ్డం నిలబడుతుంది. మీ అరగంట లెక్క అదే.

నిర్ధారణకు: మళ్ళీ ఆగినప్పుడు మూత తీయండి, రోటరు దాని చోటే ఉండనివ్వండి. కాయిల్ వైరు కొసను రోటరు నడిమి ఇత్తడికి మూడు మిల్లీమీటర్ల ఎత్తున, ప్లాస్టిక్ పట్టకారుతో పట్టండి. తాళం వేసి, పాయింట్లను స్క్రూడ్రైవరుతో విడదీయండి. రోటరు బాగుంటే గట్టి స్పార్క్ పడకూడదు, ఎందుకంటే దానికి పోవడానికి దారి లేదు. స్పార్క్ దూకిందా, రోటరు కారుతున్నట్టే.

పాత రోటరు పారేశారా?

గోదారిగట్టు (కొవెంట్రీ), గురువారం రాత్రి

పాత సామాను చెత్తబుట్టలో వేశాను. ఏప్రిల్ మాట. పోయినట్టే.

ఆటోనగర్_అబ్బాయి (విజయవాడ), శుక్రవారం ఉదయం

నా తడిగుడ్డ సలహా తప్పని తేలింది, హ్యూస్టన్ గారికి ధన్యవాదాలు. ఇంజన్ ఒకటే అయినా కారు వేరని మరచిపోయాను.

రాత్రి నాన్నగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. ఆయనకు డెబ్బై ఆరు. "పాత పాయింట్లు, పాత రోటరు, పాత కండెన్సరు ఒక డబ్బాలో పెట్టి డిక్కీలో ఉంచాలిరా, పాతవి నడిచినవే కదా" అన్నారు. షెడ్డుకు వచ్చిన ప్రతి కారుకూ ఆయన అలా డబ్బా కట్టి ఇచ్చేవారు. గోదారిగట్టు గారూ, అమ్మినాయన కూడా అలాంటి డబ్బా ఏదైనా పెట్టి ఉంటారేమో వెతకండి. స్పేర్ చక్రం కింద చూడమన్నారు, సీట్ల వెనక బ్యాటరీల గూడులో చూడమన్నారు. మీ కారుకు రెండు ఆరు వోల్టుల బ్యాటరీలుంటాయని నేను చెబితే ఆయన నమ్మలేదు. ఫొటో చూపించాల్సి వచ్చింది.

ఈ ఇంజన్ వంశం గురించి ఆయన చెప్పగా రాసుకున్నది, ఆసక్తి ఉన్నవారి కోసం. 1955లో ఎంజీబీకి ముందటి ఎంజీఏ కారు వచ్చినప్పుడు అందులో ఉన్నదీ 1489 సీసీయే, అంబాసిడర్ కొలత. తరువాత దాన్నే 1588 చేశారు, 1622 చేశారు, 1962లో ఎంజీబీకి 1798 చేశారు. మొదట క్రాంక్ షాఫ్టుకు మూడు బేరింగులుండేవి, 1964 నుంచి అయిదు. నాలుగు సిలిండర్లలో స్పార్క్ పడే వరుస మాత్రం మారలేదు: 1, 3, 4, 2. నాన్నగారు ఇప్పటికీ ఈ వరుసను ఫోన్ నంబరు చెప్పినట్టు చెబుతారు.

గోదారిగట్టు (కొవెంట్రీ), శనివారం మధ్యాహ్నం

దొరికింది!

డిక్కీలో స్పేర్ చక్రం కింద, గోనెగుడ్డలో చుట్టిన బిస్కెట్ల రేకు డబ్బా. నేను కొన్నప్పటి నుంచి అక్కడే ఉంది. అందులో ఒక ఫ్యాను బెల్టు, రెండు బల్బులు, ఫ్యూజులు, పాయింట్ల సెట్టు, రివెట్టు లేని నల్లటి రోటరు. మా అమ్మాయి టార్చి పట్టుకుని చూసింది, డబ్బా తనే తీసింది.

ముందు పాతపానా గారు చెప్పిన పరీక్ష చేశాను. ఇంటి ముందే ఇంజన్ ఆగేదాకా నడిపించాను, ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. వైరు పట్టి పాయింట్లు విడదీయగానే రోటరు మీదికి టప్పుమని స్పార్క్ దూకింది. రోటరు తిరగేసి చూస్తే లోపలి గోడ మీద వెంట్రుకంత సన్నని నల్లటి గీత. డబ్బాలోని రోటరు వేశాను. గంటన్నర నడిచింది. ఒక్క దగ్గు లేదు.

ఒక చిన్న ముక్క. దానికోసం నాలుగు వందల పౌండ్లు పెట్టి కార్బ్యురేటర్లు పంపబోయాను. అందరికీ కృతజ్ఞతలు, ముఖ్యంగా విజయవాడలో ఉన్న పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి.

స్పిట్‌ఫైర్_సీత (లీడ్స్), శనివారం

ఎంత మంచి వార్త! ఆ పాడైన రోటరు పారేయకుండా, దాని మీద పెద్ద అక్షరాలతో "చెడిపోయింది" అని రాసి పెట్టుకోండి. ఏ కంపెనీదో, ఏ రంగుదో తరువాత కొనేటప్పుడు గుర్తుంటుంది. పాయింట్ల సందు 0.015 అంగుళం, ప్లగ్గుల సందు 0.025 అంగుళం ఒకసారి ఫీలర్ గేజితో సరిచూడండి.

కొత్తగాకొనేవాడు (స్లౌ), శనివారం రాత్రి

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నేనూ ఒక ఎంజీబీ చూస్తున్నాను, 1971 రోడ్‌స్టర్. పెయింటు అద్దంలా ఉంది, ఇంజన్ బాగా పలుకుతోంది. నలభై ఏళ్ళు దాటిన కార్లకు 2018 మే నుంచి ఎంఓటీ పరీక్ష (బ్రిటన్‌లో ఏటా చేసే వాహన భద్రత తనిఖీ) అక్కరలేదు కాబట్టి పాత కాగితాలు లేవన్నారు అమ్మేవారు. కొనవచ్చా?

పాతపానా (రెడింగ్), శనివారం రాత్రి

పెయింటు చూసి కొనవద్దు. ఇంజన్ విని కూడా కొనవద్దు. ఇంజన్ చెడితే బాగుచేయడానికి భాగాలన్నీ దొరుకుతాయి, ఖర్చు ముందే లెక్కకు అందుతుంది. ఈ కారు ప్రాణం సిల్లుల్లో, అంటే తలుపుల కింద పొడవునా ఉండే రేకు పెట్టెల్లో ఉంది.

ఎంజీఏకు కింద విడిగా చాసిస్ ఉండేది. ఎంజీబీకి వచ్చేసరికి ఎంజీ డిజైనరు సిడ్ ఎనెవర్ బృందం చాసిస్ తీసేసి బాడీనే ఎముకల గూడుగా చేసింది. రోడ్‌స్టర్‌కు పైకప్పు లేదు. ముందు చక్రాలనూ వెనక చక్రాలనూ కలిపి పట్టుకునే బరువంతా తలుపుల కింద ఉన్న ఆ రెండు పెట్టెల మీదే పడుతుంది. బయట కనిపించే సిల్లు ఒక పొర మాత్రమే. దాని వెనక నిలువు రేకు, లోపలి సిల్లు, అడుగున క్యాసిల్ రైలు అనే రేకు దూలం ఉంటాయి. తుప్పు లోపలి నుంచి వస్తుంది. చాలామంది బయటి పొర మీద కొత్త రేకు అతికించి, పుట్టీ పూసి, పెయింటు కొట్టి అమ్మేస్తారు. అద్దంలాంటి పెయింటు నన్ను భయపెట్టేది అందుకే.

నేను ఇలాంటి కారే కొని దెబ్బతిన్నాను, నా మొదటి ఎంజీబీ. వానాకాలం ఒక రోజు జాకీ పెట్టి లేపితే చక్రం లేవలేదు, జాకీయే సిల్లులోకి దిగిపోయింది. లోపల పాత దినపత్రిక ఉండలు చుట్టి, వాటి మీద పుట్టీ పెట్టారు. రెండు పక్కలా కోసి, వెల్డింగ్ చేయించడానికి కారు కొన్న ధరలో సగానికి పైగా అయింది. డబ్బు కన్నా నన్ను బాధపెట్టింది వేరు: ఏడాది పాటు ఆ కారులో మా అమ్మను కూర్చోబెట్టుకుని మోటార్‌వే మీద తిప్పాను.

కాబట్టి ఇలా చూడండి. ఫ్రిజ్ మీద అంటించుకునే మెత్తటి అయస్కాంతం తీసుకెళ్ళి, సిల్లు పొడవునా, ముందు చక్రాల వెనక, వెనక చక్రాల ముందు అంటించండి. పట్టుకోని చోట పుట్టీ ఉంది. తరువాత తలుపు సందు చూడండి. తలుపు వెనక అంచు సందు కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటే కారు నడుము వంగినట్టు. అమ్మేవారి అనుమతితో జాకీ మీద లేపి, లేవకముందూ లేచాకా తలుపు తెరిచి మూయండి. లేచాక తలుపు బిగిసిపోతే వచ్చేయండి. కార్పెట్ ఎత్తి లోపలి సిల్లు చూడనివ్వకపోయినా వచ్చేయండి.

ఎంఓటీ అక్కరలేదన్నది నిజమే. కానీ కారు రోడ్డు మీద తిరగడానికి తగినట్టు ఉంచే బాధ్యత చట్టప్రకారం యజమానిదే. అడిగితే ఇప్పటికీ పరీక్ష చేస్తారు. నేను ప్రతి ఏటా చేయించుకుంటాను. అమ్మేవారు నిజాయితీపరులైతే కొత్తగా ఒక ఎంఓటీ చేయించి ఇవ్వడానికి వెనకాడరు.

హ్యూస్టన్_బి (టెక్సస్), ఆదివారం

పాతపానా గారి మాటకు చిన్న చేర్పు. బాడీ మరీ పోయినా దారి ఉంది. ఇప్పుడు విట్నీలో ఉన్న బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ 1988 నుంచి ఎంజీబీ బాడీ షెల్లును పాత అచ్చులతోనే కొత్తగా తయారుచేస్తోంది. ఖర్చు పెద్దదే.

ఇంకొకటి, క్రోమ్ బంపరు దొరకలేదని బాధపడకండి. నాది 1976 కారు, నల్ల రబ్బరు బంపర్లు. అమెరికా నిబంధనల కోసం 1974 చివరి నుంచి అవి వచ్చాయి, కారు ఎత్తు కూడా పెంచారు. మలుపుల్లో కాస్త ఎక్కువ ఒరుగుతుందన్నది నిజం. అయినా క్రోమ్ కార్ల కన్నా చవకగా దొరుకుతుంది. గట్టి సిల్లులున్న రబ్బరు బంపరు కారు, పుట్టీ సిల్లులున్న క్రోమ్ కారు పక్కపక్కన పెడితే నేను కళ్ళు మూసుకుని మొదటిదే తీసుకుంటాను.

స్పిట్‌ఫైర్_సీత (లీడ్స్), ఆదివారం

క్లచ్ గురించి కూడా చెప్పండి. సిగ్నళ్ళ దగ్గర క్లచ్ తొక్కిపట్టి నిలబడకూడదు, న్యూట్రల్‌లో పెట్టి కాలు తీసేయాలి. ఎంజీబీ క్లచ్‌లో తిరిగే గుండ్ల బేరింగు కాదు, కార్బన్ దిమ్మ ఉంటుంది, తొక్కినంతసేపూ అరుగుతుంది. అది మార్చాలంటే ఇంజన్‌ను పైకి తీయాలి.

కొత్తగాకొనేవాడు (స్లౌ), తరువాతి మంగళవారం

అయస్కాంతం తీసుకెళ్ళాను. ఎడమ పక్క వెనక చక్రం ముందు జానెడు మేర అంటుకోలేదు. ఎంఓటీ చేయించి ఇస్తారా అని అడిగితే వేరే కొనేవారున్నారన్నారు. వచ్చేశాను. మీరందరూ లేకపోతే శనివారమే బయానా ఇచ్చేవాడిని.

గోదారిగట్టు (కొవెంట్రీ), తరువాతి ఆదివారం రాత్రి

ఈ రోజు మా అమ్మాయీ నేనూ అబింగ్డన్ వెళ్ళొచ్చాం. బ్యాన్‌బరీ, ఆక్స్‌ఫర్డ్ మీదుగా పోనూ 60 మైళ్ళు, రానూ 60. 1929 నుంచి 1980 అక్టోబరు దాకా ఎంజీ కార్లు అక్కడ తయారయ్యాయి. ఎంజీబీలు అయిదు లక్షలకు పైగా ఆ ఊరి నుంచే బయటికి వచ్చాయి. కర్మాగారం ఇప్పుడు లేదు. కారు రోడ్డు పక్కన ఆపి, పుట్టిన ఊరిలో దానికి ఒక ఫొటో తీశాం. ఒక ముసలాయన ఆగి, బానెట్ ఎత్తమని అడిగి, ఇంజన్ చూసి, మా అమ్మాయితో పది నిమిషాలు మాట్లాడి వెళ్ళారు. కారు ఒక్కసారి కూడా ఆగలేదు. డబ్బా డిక్కీలోనే ఉంది, అందులో ఇప్పుడు ఇంకో మంచి రోటరు, కండెన్సరు చేర్చాం. డబ్బా మూత మీద మా అమ్మాయి తెలుగులో "1, 3, 4, 2" రాసి కింద "తాతగారి వరుస" అని రాసింది.

పాతపానా గారి సిల్లుల సంగతి చదివాక నా కారుకూ అయస్కాంతం పట్టాను. కుడి పక్క అంతా పట్టింది. ఎడమ పక్క ముందు చక్రం వెనక నాలుగు వేళ్ళ మేర పట్టలేదు. తలుపు సందు సమానంగానే ఉంది, జాకీ మీద లేపినా తలుపు హాయిగా మూసుకుంటోంది. చలికాలంలో విప్పించాలనుకుంటున్నాను. సిల్లు కోసే ముందు బాడీ వంగకుండా తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించాలని చదివాను. అవి ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

పాతపానా (రెడింగ్), ఆదివారం రాత్రి

నా దగ్గర ఉన్నాయి, రెండు పక్కలకూ. నా కారుకు చేయించినవే. నవంబరులో తెచ్చి ఇస్తాను. కోసే రోజు నన్ను పిలవండి, ఆ పని ఒక్కరే చేయవద్దు. తాతగారి వరుస రాసిన డబ్బా ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి, ఆటోనగర్ అబ్బాయి ఆయనకు చూపిస్తారు.